మూడో మంచం కొలత

మూడో మంచం డబ్బా చల్లగా ఉంది.

దాన్ని పట్టుకుని బాత్రూం వైపు నాలుగడుగులు వేశాక గాని ఆ సంగతి ఆయాకు తట్టలేదు. ముందు చేతికి తెలిసింది, బుద్ధికి తర్వాత తెలిసింది. పదకొండేళ్ళుగా ఆ క్యాన్సరు వార్డులో పన్నెండు మంచాల కింద నుంచి రెండు గంటలకోసారి యూరిన్ డబ్బాలు తీస్తున్న చెయ్యి అది. రబ్బరు తొడుగు వేసుకున్నా, డబ్బాకి మూత బిగించి ఉన్నా, లోపలున్నది మనిషి ఒంట్లోంచి వచ్చి ఎంతసేపైందో ఆ అరచెయ్యి చెప్పేస్తుంది. మూడో మంచం మనిషి సెలైన్ స్టాండు నెట్టుకుంటూ బాత్రూంలోకి వెళ్ళి, ఈ డబ్బాతో బయటికి వచ్చి ఐదు నిమిషాలు కాలేదు. ఆమె కళ్ళారా చూసింది. అంటే ఇది వెచ్చగా ఉండాలి.

గీతల జగ్గులోకి వంచి పోసింది. మూడు వందల యాభై గీత దగ్గర ఆగింది. రంగు చూసింది. పొద్దున ఏడింటికి ముదురు టీలా ఉన్నది, మధ్యాహ్నం ఒంటిగంటకి కడుగునీళ్ళలా తేటపడింది. సెలైన్ ఎక్కితే తేటపడుతుంది, నిజమే. కాని సెలైన్ వేడిని తీసెయ్యదు కదా.

గుమ్మం దగ్గర నిలబడి అంకె అరవడం ఆ వార్డు పద్ధతి. ఆయా అరుస్తుంది, అవతల బల్ల దగ్గర కూర్చున్న పెద్ద సిస్టర్ తలెత్తకుండా చార్టులో రాస్తుంది. ఆయాకు చదవడం రాయడం వచ్చు. చార్టు ముట్టుకునే అధికారం లేదు. సిస్టర్‌కు డబ్బా ముట్టుకునే అవసరం లేదు. ఇన్నేళ్ళుగా ఆ పద్ధతి అలా సాఫీగా నడిచిపోతోంది.

"మూడో మంచం... మూడొందల యాభై," అంది ఆయా.

గొంతు ఎప్పటికంటే కొంచెం గట్టిగానే వచ్చింది. సిస్టర్ రాసుకుంది. మూడో మంచం మీద పడుకున్న బస్సు డ్రైవరు కళ్ళు మూసుకునే ఉన్నాడు, కాని అతని బొటనవేలు మెడపక్క గడ్డ మీద ఆడటం ఆపేసింది.

ఆ అంకె మీద ఏం ఆధారపడి ఉందో ఆ గదిలో అందరికీ తెలుసు. పొద్దున రౌండ్సుకి వచ్చిన డాక్టరమ్మ అతని మంచం పక్కన ఎప్పటికంటే ఎక్కువసేపు నిలబడింది. పోయిన నెల ఎక్కించిన మందు గడ్డని బాగానే కరిగించిందట, కోడిగుడ్డంత ఉన్నది గోళీకాయంత అయిందట. ఆ మాటకి డ్రైవరు, ఏదో పోటీలో గెలిచినట్టు, భార్య వంక చూశాడు. అయితే ఆ మందు ఒంట్లోంచి పోయేది కిడ్నీల దారినే. పోతూ పోతూ వాటిని గీరుకుంటూ పోతుంది. నీళ్ళతో తొందరగా తోసెయ్యాలి, లోపల నిలవనివ్వకూడదు. రక్తంలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కొంచెం పెరిగింది. ఒళ్ళు ఎండిపోవడం వల్లే అయితే సెలైన్‌తో సర్దుకుంటుంది. ఇవాళంతా ఎక్కిద్దాం, గంటకి వంద చొప్పున బయటికి వస్తే కిడ్నీలు పనిచేస్తున్నట్టే, రేపు పదింటికి మందు మొదలుపెడదాం, రాకపోతే ఆపుదాం అని చెప్పి డాక్టరమ్మ నాలుగో మంచానికి వెళ్ళిపోయింది.

ఆపుదాం అన్న మాట దగ్గర డ్రైవరు ఎనిమిదో మంచం వైపు చూశాడు. పోయిన నెల అక్కడ పడుకున్న మనిషికి కూడా కిడ్నీల పేరు చెప్పి మందు ఆపారు. ఇంటికి పంపించారు. అతను మళ్ళీ రాలేదు.

ఆయా జగ్గు కడిగి బోర్లించింది. కుళాయి కింద చేతులు పెట్టుకుని అవసరమైన దానికంటే ఎక్కువసేపు నిలబడింది. పొద్దుట్నుంచి గుక్కెడు నీళ్ళు తాగలేదు, నోరు పిడచకట్టుకుపోతోంది. అయినా ఆ నీళ్ళు దోసిట పట్టి తాగాలనిపించలేదు. తాగితే వెళ్ళాలి. ఆయాలు వాడుకునే దొడ్డి మూడంతస్తుల కింద, జనరేటరు గది పక్కన ఉంది. వెళ్ళొచ్చేసరికి పావుగంట. ఆ పావుగంటలో ఎవరో ఒకరు పిలుస్తారు, ఆయా ఏదని సూపర్‌వైజరు అడుగుతాడు. ఈ అంతస్తులో సిస్టర్ల బాత్రూం ఒకటుంది. దాని తాళం సిస్టర్ బల్ల వెనక మేకుకి, ఎర్ర రేకుతో వేలాడుతుంటుంది. దాన్ని అడగాలని ఏ ఆయాకీ తోచలేదు. ఈమెకి ఒకటి రెండుసార్లు తోచింది గాని, అడగలేదు.

*

మూడు గంటలకి డ్రైవరు భార్య మందుల చీటీ పట్టుకుని కిందికి వెళ్ళింది. దుప్పటి మార్చే నెపంతో ఆయా మూడో మంచం దగ్గరికి చేరింది.

డ్రైవరు వార్డంతటికీ కాలక్షేపం. పోయినసారి వచ్చినప్పుడే మంచాలకి స్టాపుల పేర్లు పెట్టాడు. కిటికీ పక్క మంచం సినిమాహాలు స్టాపు, బాత్రూం పక్కది చేపల మార్కెట్టు. సిస్టర్ సూదితో వస్తుంటే "చెకింగొచ్చింది, టికెట్లు తీసి పెట్టుకోండి" అనేవాడు. ఆయాకి కొలతమ్మ అని పేరు పెట్టింది కూడా అతనే. ఆ పేరు అతను పిలిస్తే ఆమెకు ఎందుకో బాగుండేది. పదకొండేళ్ళలో ఆమె చేసే పనికి ఎవరూ పేరు పెట్టలేదు.

"డబ్బా చల్లగా ఉందేంటన్నా?" అంది, దుప్పటి అంచు పరుపు కిందికి దోపుతూ.

"ఫ్యాను కింద పెట్టాను."

"ఫ్యాను గాలికి రంగు కూడా ఎగిరిపోయిందా?"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తల తిప్పి బల్ల వైపు చూశాడు. సిస్టర్ ఫోన్లో మాట్లాడుతోంది.

"మెల్లగా, చెల్లెమ్మా."

"ఎంతొచ్చింది?"

"ఓ టీ గ్లాసుడు."

టీ గ్లాసుడంటే వంద. రెండు గంటలకి వంద. రెండు సీసాల సెలైన్ లోపలికి వెళ్ళాక. ఆయా వేళ్ళు దుప్పటి అంచు మీద ఆగిపోయాయి.

అతను గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ఇంటి దగ్గర మూడు వారాలుగా నీళ్ళు గొంతు దిగడం లేదట. నోట్లో పోసుకుంటే నట్లూ బోల్టులూ నాకినట్టుందట, దిగినవి దిగినట్టే పైకి వస్తున్నాయట. భార్యకి చెబితే డాక్టరుకి చెబుతుందని చెప్పలేదు. గ్లాసులో నీళ్ళు ఆవిడ అటు తిరిగినప్పుడు పెరట్లో పారబోశాడు. అసలు తనకి నీళ్ళు తాగే అలవాటే తక్కువ. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడికి ఎలా ఉంటుంది? అరవైమందిని ఎక్కించుకుని, మధ్యలో బండి ఆపి దిగితే ప్యాసింజర్లు ఊరుకుంటారా. పొద్దున ఎక్కేముందు గుక్కెడు, సాయంత్రం దిగాక చెంబెడు. అంతే.

"బండికి మాత్రం ట్రిప్పు ట్రిప్పుకీ రేడియేటర్లో నీళ్ళు చూసుకునేవాడివి కదా," అంది ఆయా.

"చూడకపోతే ఇంజను పట్టేస్తుంది."

అతను తన మాట తనే విన్నాడని ఆమెకు అనిపించింది. కాని మరుక్షణం అతని చెయ్యి మెడ మీదికి పోయింది. బొటనవేలు ఆ గోళీకాయని వెతికి పట్టుకుంది.

"పోయినసారి నువ్వు కలిపావు కదా," అన్నాడు. "ఎనభై ఉంటే నూట ఇరవై అన్నావు. నేను బతిమాలితేనే అన్నావు, కాదనను. ఈసారి నీ నోటితో అబద్ధం చెప్పించడం ఎందుకని నేనే నీళ్ళు కలిపాను. నువ్వు జగ్గులో చూసిందే చెప్తున్నావు. నీ మీదికి ఏమీ రాదు."

ఆయా మురికి దుప్పటిని దగ్గరికి లాక్కుంది.

నిజమే. పోయిన నెల అతనికి తక్కువ వస్తోందని సిస్టర్ అందరి ముందూ కసిరింది. చిన్నపిల్లాడివా, నీళ్ళు కూడా నేనే తాగించాలా అంది. వార్డంతటినీ నవ్వించే మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ మరుసటి కొలతకి అతను ఈమె వంక చూసిన చూపు ఉంది. వార్డులో అందరూ సిస్టర్‌నో డాక్టరమ్మనో బతిమాలతారు. ఆయాని బతిమాలేదేముంది, ఆమె చేతిలో ఏముంది గనక? ఆ రోజు ఆమె చేతిలో ఒక అంకె ఉంది. ఓ నలభై కలిపింది. ఎవరి సొమ్మూ కాదు, ఒక మనిషి మాట పడటం తప్పింది అనుకుంది. జాలి అనుకుంది. ఇప్పుడు దుప్పటి పట్టుకుని నిలబడి ఆలోచిస్తే, అది జాలి ఒక్కటే కాదని తెలుస్తోంది. నూట ఇరవై అన్నప్పుడు ఒంట్లో ఏదో నిటారుగా లేచింది. ఆ సుఖం కోసమే రెండోసారి అడక్కుండానే కలిపింది.

"అది వేరే అన్నా," అంది. "అప్పుడు రక్తం బానే ఉంది."

"రేపు పదింటిదాకా. మందు ఎక్కడం మొదలయ్యాక నేనే చెప్పేస్తాను. అప్పటిదాకా నోరు కట్టేసుకో తల్లీ. ఆపేస్తే నా పని అయిపోయినట్టే."

భార్య మందుల సంచీతో తలుపు దగ్గర కనబడింది. ఆయా అవునని గాని కాదని గాని అనలేదు. మురికి దుప్పటి చుట్టి చంకన పెట్టుకుంది. ఆ మౌనాన్ని అతను తనకి కావలసినట్టు తీసుకున్నాడని, వెనకనుంచి వినిపించిన నిట్టూర్పుని బట్టి ఆమెకు అర్థమైంది.

ఐదింటి కొలతకి డబ్బా మళ్ళీ చల్లగానే ఉంది. ఆమె గుమ్మం దగ్గర నిలబడింది. సిస్టర్ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. చెప్పడానికి నోరు తెరిచింది. రెండేళ్ళ క్రితం ఒక ముసలామె చెయ్యి సూది దగ్గర వాచిందని చెప్పినప్పుడు సూపర్‌వైజరు అన్న మాట గుర్తొచ్చింది: నువ్వు మొయ్యడానికి ఉన్నావు, చూడ్డానికి కాదు. ఆ ముసలామె చెయ్యి తర్వాత నల్లబడింది. అయినా ఆ మాటని ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"నాలుగొందలు," అంది.

*

మర్నాడు ఏడింటికి ఆమె డ్యూటీ ఎక్కేసరికి చార్టులో మూడో మంచం వరసంతా చక్కటి అంకెలే ఉన్నాయి. రాత్రి ఆయా కూడా జగ్గులో చూసిందే చెప్పి ఉంటుంది. అంకెల కింద గీత గీసి మొత్తం వేశారు. మొత్తం కూడా నిండుగా ఉంది.

డ్రైవరు మొహం మాత్రం నిండుగా లేదు. ఉబ్బింది. కళ్ళ కింద చర్మం నీరుపట్టి మెరుస్తోంది. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటుందేమోనని ఆయాకి అనుమానం వచ్చింది. లోపలికి వెళ్ళిన నీళ్ళు ఎక్కడికి పోయాయో అక్కడ కనబడుతున్నాయి. భార్య మాత్రం రాత్రి బాగా నిద్రపోయారని, మొహం కాస్త తేరుకుందని సంతోషపడుతోంది.

డాక్టరమ్మ తొమ్మిదింటికి వచ్చింది. అత్యవసర కేసు ఏదో ఉన్నట్టుంది, నడుస్తూనే మాట్లాడుతోంది. చార్టు తిప్పి మొత్తం చూసింది, తల ఊపింది. ఫ్లో బాగుంది, మొదలుపెట్టండి అంది. మొహం చూడలేదు. చూసే తీరిక ఉంటే చూసేదే.

పది నిమిషాలు తక్కువ పదింటికి ఫార్మసీ నుంచి మందు వచ్చింది. వెలుతురు తగలకుండా నల్ల తొడుగు వేసిన సంచీ. సిస్టర్ రెండు జతల తొడుగులు వేసుకుని దాన్ని స్టాండుకి తగిలించింది. పేరు చదివింది, చేతి పట్టీ చూసింది, మళ్ళీ చదివింది. మందు విషయంలో ఆమె అంత జాగ్రత్త మనిషి. ట్యూబులోంచి గాలి తీస్తూ, కలపబోయే ముందు ఆఖరి కొలత కావాలంది.

డ్రైవరు అప్పటికే బాత్రూంకి వెళ్ళివచ్చాడు. డబ్బా మంచం కింద పెట్టాడు. ఆయా వంగి తీసుకుంది. లేస్తూ అతని కళ్ళలోకి చూసింది. అతను పోయిన నెల చూపే చూశాడు.

ఆ నాలుగడుగులే మళ్ళీ. డబ్బా ఐసు పెట్టెలోంచి తీసినట్టుంది. బాత్రూంలోకి వెళ్ళి జగ్గులో పొయ్యాలి, గుమ్మం దగ్గర నిలబడాలి, చూసిన అంకె చెప్పాలి. చెబితే అబద్ధం కాదు. అతనే అన్నాడు, నీ మీదికి ఏమీ రాదని. ఆ మాట ఎంత నిజమో ఆమెకు తెలిసిపోయింది. రేపు ఈ మనిషికి ఏమైనా సరే, ఎవరూ ఆమెని అడగరు. మోసేవాళ్ళని ఎవరడుగుతారు?

గుమ్మం దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, డబ్బా పట్టుకుని, నేరుగా సిస్టర్ దగ్గరికి నడిచింది.

"ఎంత?" అంది సిస్టర్.

"పట్టుకోండి సిస్టర్."

"ఏంటిది? ఇక్కడికెందుకు తెచ్చావ్?"

"ఒక్కసారి పట్టుకోండి."

మూడో మంచం మీద పరుపు కిర్రుమంది. "కొలతమ్మా," అన్నాడు డ్రైవరు. బతిమాలే గొంతు కాదు అది, బ్రేకు వేసే గొంతు. ఆయా అటు తిరగలేదు. డబ్బాని సిస్టర్ చేతుల్లో పెట్టింది. పడిపోతుందేమోనని సిస్టర్ అసంకల్పితంగా రెండు చేతులా పట్టుకుంది.

రెండు జతల తొడుగుల వెనకనుంచి చేతికి ఆ చలి అందడానికి కొంచెం సేపు పట్టింది. సిస్టర్ కనుబొమలు ముడిపడ్డాయి. డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని వినేదానిలా కొంచెం పైకెత్తింది, మణికట్టు పైన తొడుగు లేని చోట ఆనించుకుంది. తర్వాత డ్రైవరు వంక చూసింది. మొదటిసారి మొహం చూసింది. ఒంగి, పాదం మీద వేలితో నొక్కింది.

గుంట అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడే చేసింది ఇది," అంది ఆయా. "వెచ్చగా ఉండాలి. కుళాయి నీళ్ళు కలిసినాయి. నిన్నటి నుంచీ అంతే."

సిస్టర్ డబ్బాని కింద పెట్టి, నల్ల సంచీ ట్యూబుకి ఉన్న క్లిప్పుని బిగించేసింది. అది టక్కుమని మూసుకున్న చప్పుడు వార్డంతా వినిపించింది.

*

రక్తం తీసి పంపించారు. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నిన్న కొంచెం ఎక్కువున్నది ఇవాళ దాదాపు రెట్టింపైంది. డాక్టరమ్మ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, ఈ మందు గనక పొద్దున ఎక్కించి ఉంటే అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, మంచం పట్టీ మీద కూర్చుండిపోయింది. నల్ల సంచీ ఫార్మసీకి తిరిగి వెళ్ళింది.

డాక్టరమ్మ గుచ్చి అడిగితే ఇంటి దగ్గర కూడా నీళ్ళు దిగలేదని డ్రైవరు ఒప్పుకున్నాడు. భార్య కుర్చీ మంచానికి దూరంగా జరుపుకుని కూర్చుని, నేనిచ్చిన గ్లాసుల్లో నీళ్ళు కూడా పారబోశారా అని ఒక్కసారి అడిగింది. అతను దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. ఆయా అటుగా వచ్చినప్పుడు మాత్రం గోడ వైపు తిరిగాడు.

నాలుగింటికి సూపర్‌వైజరు పిలిచాడు. గదిలో డాక్టరమ్మ, సిస్టర్ ఉన్నారు. నిన్ననే తెలిస్తే నిన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఆయా దగ్గర జవాబులు రెండు మూడున్నాయి. నువ్వు మొయ్యడానికే ఉన్నావన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని నోరు తెరిచేసరికి వచ్చింది అది కాదు.

"పోయిన నెల నేనే నలభై నలభై కలిపి చెప్పాను సార్. అంకె మార్చొచ్చని ఆయనకి నేర్పింది నేనే."

చెప్పాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. సూపర్‌వైజరు కలం తీశాడు. ఈ వార్డుకి రేపట్నుంచి రానక్కర్లేదు అన్నాడు. లాండ్రీకి పంపిస్తానో, అసలు తీసేస్తానో రేపు చెబుతానన్నాడు.

అప్పటిదాకా చార్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న సిస్టర్ గొంతు సవరించుకుంది.

"రాసింది నేను," అంది. "ఆరేళ్ళుగా నేనే రాస్తున్నాను. ఒక్క డబ్బా కూడా ఎప్పుడూ పట్టుకుని చూడలేదు. పంపిస్తే ఇద్దర్నీ పంపించండి."

డాక్టరమ్మ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. మొత్తాన్ని చూసి సంతకం పెట్టిన చెయ్యి తనదేనని ఆమెకీ గుర్తుండి ఉంటుంది. సూపర్‌వైజరు కలం మూత కాసేపు వెతుక్కున్నాడు.

*

మూడో రోజున ఆమె ఎప్పటిలాగే ఏడింటికి వచ్చింది. రావద్దని గాని రమ్మని గాని ఎవరూ కబురు పెట్టలేదు. రాత్రంతా సెలైన్, మధ్యలో ఒంట్లో నీళ్ళని బయటికి తోసే సూది ఒకటి నడిచాయట. వాంతులకి మందు మార్చారట. రెండ్రోజులు కడిగి, కిడ్నీలు సర్దుకుంటే వాటిని అంతగా గీరని వేరే మందు ఆలోచిస్తామని డాక్టరమ్మ చెప్పిందట. సర్దుకోకపోతే ఏమిటో చెప్పలేదట. ఇవన్నీ డ్రైవరు భార్య చెప్పింది. డ్రైవరు కిటికీలోంచి రోడ్డు మీద పోయే బస్సుల్ని చూస్తున్నాడు.

తొమ్మిదింటికి ఆయా డబ్బా తీసుకుంది. నాలుగడుగులు వేసింది. మధ్యలో ఒకసారి ఆగి, అరచేతిని డబ్బా చుట్టూ సరిగా పరిచి పట్టుకుంది. వెచ్చగా ఉంది. జగ్గులో పోసి, గుమ్మం దగ్గరికి వచ్చింది. సిస్టర్ అప్పటికే లేచి అక్కడ నిలబడి ఉంది. అరవనవసరం లేకపోయింది.

"రెండొందల పది," అంది ఆయా. గీతకి రెండు వెంట్రుకల వాసి కిందే ఉంది. "రెండొందల ఎనిమిది అనుకోండి."

సిస్టర్ వంగి చూసి, ఎనిమిదే రాసింది.

డబ్బా కడిగి తిరిగి పెడుతుంటే డ్రైవరు బస్సుల మీదినుంచి చూపు తిప్పాడు. రెండ్రోజుల గడ్డం, ఉబ్బు కొంచెం తీసిన మొహం. క్షమించిన మొహం కాదది. ఇంకా మెడ తడుముకుంటూనే ఉన్నాడు. మంచం పక్క బల్ల మీద నీళ్ళ సీసా, దానిమీద గంటగంటకీ ఎంతవరకు తాగాలో సిస్టర్ గీసిన నల్ల గీతలు. రెండు గీతలు దాటాడు. మూడో దాని దగ్గర ఆగిపోయాడు.

"నువ్వు నీళ్ళు తాగగా నేనెప్పుడూ చూడలేదు," అన్నాడు ఉన్నట్టుండి.

ఆయా డబ్బాని మంచం కిందికి తోసింది.

"పోయిన నెల నాలుగు రోజులు, ఇప్పుడు మూడ్రోజులు. పొద్దుట్నుంచి సాయంత్రందాకా చూస్తూనే ఉన్నాను, వేరే పనేముంది నాకు. నువ్వూ డ్రైవరువేనా?"

"కిందికి మూడంతస్తులు దిగాలన్నా."

ముప్ఫై ఏళ్ళ రూట్లలో దిగి వెళ్ళొచ్చే స్టాపు లేని చోట్లన్నీ అతనికి తెలుసు. బల్ల మీద బోర్లించిన రెండు గ్లాసుల్నీ తిప్పాడు. సెలైన్ సూది ఉన్న చేత్తోనే రెండింటిలోనూ నీళ్ళు పోశాడు. ఒకదాన్ని ఆమె వైపు తోశాడు.

"నాకు దిగట్లేదు. నువ్వు తాగితే నేనూ తాగుతాను. కలిపి చెప్పడాలు లేవు, పారబోయడాలు లేవు."

ఆయా గ్లాసు తీసుకుంది. గది వేడికి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. అతను మొదటి గుక్కకి మొహం వికారంగా పెట్టాడు, నట్లూ బోల్టులూ అన్నాడు, అయినా మింగాడు. ఆమె ఒక్క గుక్కలో ఖాళీ చేసింది. ఎండిన గొంతులోంచి దిగుతున్న దారి అంతా తెలిసింది. అతను గ్లాసు అడుగు చూపించేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత అతను మళ్ళీ నింపాడు, రెండూ.

పదకొండింటి కొలత అయ్యేసరికి ఆమెకి వెళ్ళాల్సి వచ్చింది. మెట్ల దగ్గరిదాకా నడిచింది. కింద జనరేటరు మోత వినిపిస్తోంది. అక్కడ ఆగింది. వెనక్కి తిరిగి సిస్టర్ బల్ల దగ్గరికి వచ్చి, తొడుగు తీసిన చెయ్యి చాపింది.

"తాళం ఇవ్వండి సిస్టర్."

సిస్టర్ చార్టులోంచి తలెత్తింది. చాపిన చేతిని చూసింది, మనిషిని చూసింది. ఏదో అడగబోయి, మెట్లవైపు చూసి, అడగడం మానేసింది. వెనక్కి తిరిగి మేకు మీది ఎర్ర రేకు తీసి ఆ అరచేతిలో పెట్టింది.

తాళంచెవి సిస్టర్ వీపు వెనకే వేలాడటం వల్ల కాబోలు, వెచ్చగా ఉంది. ఆయా లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. బయట ఎవరో ఆయా ఏదని అడుగుతున్నారు. వస్తుంది, కాసేపు ఆగండి అని సిస్టర్ గొంతు చెబుతోంది.